కలిపినదీ, తగ్గించినదీ

అక్టోబరు 14, సోమవారం

నేటి జాతీయం: "ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్". అర్థం: అవతలివారు చేయవలసినది చేశారు, ఇక నిర్ణయం నీది. బంతాటలోంచి వచ్చింది. దీనికి సరితూగే తెలుగు పలుకుబడి నాకింకా దొరకలేదు.

దీనిని నిఘంటువులో చూసి రాసుకోలేదు. ఈ ఉదయం కాకినాడ ఆసుపత్రిలో డాక్టరమ్మ నోట విన్నాను.

నా భార్య ఝాన్సీ గొంతులోని గడ్డకు చేసిన సూది పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరమ్మది కేరళ. ఈ జిల్లాకు వచ్చి కొద్ది నెలలే అయినందున తెలుగు పట్టుబడలేదు. నర్సు సత్యవేణి గారు మాకు తెలుగులో చెప్పబోతుంటే నేనే ఆపాను.

"నేనున్నాను కదండీ. మా చర్చి సభల్లో ఇంగ్లీషు ప్రసంగాలకు తర్జుమా చేసేది నేనే," అన్నాను.

"ఆయ్, అయితే ఇంకేం కావాలండి," అని ఆవిడ పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

డాక్టరమ్మ చెప్పినవి, వేళ్ళు మడుస్తూ, వరుసగా:

ఒకటి. గొంతులోని గడ్డ క్యాన్సరే. అయితే నెమ్మదిగా పెరిగే రకం. వేళకు తీసివేస్తే నయమవుతుంది.

రెండు. ఈ నెల దాటకుండా ఆపరేషను జరగాలి.

మూడు. స్వరాన్ని కదిలించే నరం ఆ గడ్డకు ఆనుకొని ఉంది. ఇప్పుడైతే నరాన్ని తప్పించి తీయగలనని ఆవిడ నమ్మకం. పూచీ మాత్రం ఇవ్వలేరు. (ఝాన్సీ మందిరంలో పాడుతుందని నేనే చెప్పాను. అందుకే ఈ సంగతి అంత వివరంగా చెప్పారు.)

నాలుగు. ఆలస్యమైతే గడ్డ నరం మీదికి ఎక్కవచ్చు. అప్పుడు స్వరం దక్కదు.

ఐదు. గొంతు ఆమెది, నిర్ణయమూ ఆమెదే. ఆమెకు అన్నీ చెప్పండి. "ద బాల్ ఈజ్ ఇన్ హర్ కోర్ట్."

ఝాన్సీ నా ముఖంలోకి చూసి, "ఏమంటున్నారండీ?" అంది.

"చిన్న గడ్డే. మాత్రలు వాడుతూ, డిసెంబరులో మన సభలయ్యాక ఒకసారి రమ్మంటున్నారు," అన్నాను.

ఆమెకు అర్థమైందా అని డాక్టరమ్మ నన్ను అడిగారు. అయిందన్నాను.

తర్జుమా అంటే ప్రతి పదాన్నీ దించడం కాదు. వినేవారు మోయగలిగినంత మేరకు భావాన్ని అందించడం. నేను భావం చెప్పాను.

తిరుగు ప్రయాణంలో బస్సు ఎదుర్లంక వంతెన ఎక్కినప్పుడు ఇంకొక జాతీయం గుర్తుకు వచ్చింది. "వుయ్ విల్ క్రాస్ ద బ్రిడ్జ్ వెన్ వుయ్ కమ్ టు ఇట్." వంతెన వచ్చినప్పుడు దాటుదాం, ఇప్పటినుండే బెంగ ఎందుకు అని అర్థం. వివేకం గల మాట. ఝాన్సీ కిటికీలోంచి గోదావరిని చూస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది.

ఝాన్సీ రోజూ తెల్లవారగానే పొయ్యి వెలిగిస్తూ ఒక పాట పాడుకుంటుంది. నేటి నుండి అది కూడా ఇక్కడ రాస్తాను.

ఉదయం పాట: ఉంది.


అక్టోబరు 15, మంగళవారం

రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ రాసిన ఐరన్ మాత్రలు ఝాన్సీకి ఇచ్చాను. గడ్డకేనా అని అడిగింది. గడ్డకే అన్నాను.

రిపోర్టును తాటిపాకలో నేను పనిచేసే స్టోర్సు బీరువాలో పెట్టాను. ఇంట్లో తేమ ఎక్కువ. కాగితాలు పాడవుతాయి.

ఉదయం పాట: ఉంది.


అక్టోబరు 20, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు సుందరరావు గారు మమ్మల్ని ఆపారు. డిసెంబరు మహాసభలకు షిల్లాంగ్ నుండి ప్రసంగీకులు వస్తున్నారట. తర్జుమా నాదే.

"క్రితంసారి వచ్చినాయన మరీ చప్పగా చెప్పేరండి ప్రేమ్ కుమార్ గారూ. మీరు ఉప్పూ కారం వేసేరు గాబట్టి జనం లేవకుండా కూర్చున్నారు."

"ఉప్పెక్కువైందని నేనప్పుడే అన్నానండి అయ్యగారూ," అంది ఝాన్సీ. ఆయన పెద్దగా నవ్వారు.

సభలలోగా యువతకు ఇంగ్లీషు జాతీయాల మీద ఆదివారం సాయంత్రాలు ఒక తరగతి నడపమని కూడా అన్నారు. ఒప్పుకున్నాను. పదో తరగతితో చదువు ఆగిన నాకు ఇంగ్లీషు నేర్పినవి రెండు బైబిళ్ళు, ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు, పక్కపక్కన పెట్టుకుని చదివినవి. జాతీయాలు వాటిలో దొరకవు. వాటిని ఒక్కొక్కటిగా పోగుచేశాను.

తరగతిలో మొదట చెప్పదలచిన తర్జుమా నియమాలు:

మొదటిది, ప్రసంగీకుడు "నేను" అంటే తర్జుమా చేసేవాడూ "నేను" అనాలి. "ఆయన అంటున్నాడు" అనరాదు. (ఒకసారి ఒక ప్రసంగీకుడు తన పాత జీవితం చెబుతుంటే "నేను పచ్చి తాగుబోతుని, ఇల్లు గుల్ల చేశాను" అని కన్నీళ్ళతో తర్జుమా చేశాను. సభ ముగిశాక ఓడలరేవు నుండి వచ్చిన ఒక ముసలమ్మ నా చేతులు పట్టుకుని, "మానేసేవు కదా బాబూ, మళ్ళీ ముట్టుకోకు," అని దీవించింది. నేను జన్మలో తాగి ఎరుగను. ఝాన్సీ ఆ సంగతి తలచుకుని ఇప్పటికీ నవ్వుతుంది.)

రెండవది, కలపరాదు. దీనిని నేను తరచు తప్పుతాను.

మూడవది, తగ్గించరాదు. దీనిని నేను ఏనాడూ తప్పలేదు.

వేదిక మీద ఏనాడూ తప్పలేదు.

ఉదయం పాట: ఉంది.


అక్టోబరు 29, మంగళవారం

స్టోర్సులో ఉండగా సత్యవేణి గారు ఫోను చేశారు.

"మేడం గారు అడుగుతున్నారండి. మీ ఆవిడ గారు ఏమనుకున్నారో, తేదీ వెయ్యమంటారో వద్దంటారో అని."

"ఆలోచిస్తోందండి."

"ఆలోచించుకోవాలి లెండి, పాపం, పాడతారంట కదా. కాని మరీ సాగదియ్యకండి. మేడం గారు ఇలా ఎవరికీ ఫోను చేయించరండి."

"ఆమె చాలా ధైర్యవంతురాలండి," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆవిడ అడగలేదు.

నేటి జాతీయం: "టు స్లీప్ ఆన్ ఇట్". అర్థం: తొందరపడకుండా ఒక రాత్రి గడిచాక నిర్ణయించుకోవడం. ఎన్ని రాత్రులన్నది జాతీయంలో లేదు.

ఉదయం పాట: ఉంది. బాగా ఉంది.


నవంబరు 3, ఆదివారం

తరగతి మొదలైంది. ఝాన్సీని సభల పాటలకు ముఖ్య గాయనిగా పెట్టారు. ఇప్పుడు చెప్పడం భావ్యం కాదు.

ఉదయం పాట: ఉంది.


నవంబరు 10, ఆదివారం

నేటి తరగతిలో యామిని అనే డిగ్రీ అమ్మాయి చెయ్యెత్తింది. "అంకుల్, ఎలిఫెంట్ ఇన్ ద రూమ్ అంటే ఏంటండి?"

గదిలో ఏనుగు ఉంటుంది. అందరికీ కనబడుతూనే ఉంటుంది. కాని అది లేనట్టే అందరూ ఫలహారం చేస్తూ, కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. అటువంటి సంగతి అన్నమాట, అని వివరించాను. ఉదాహరణ ఇమ్మంది. నాకు తోచలేదు. నాకు ఉదాహరణ తోచకపోవడం ఆ పిల్లలు ఇంతవరకు చూడలేదు.

వెనుక బల్ల మీద ఝాన్సీ, ఆమెతో కలిసి పాడే క్రిస్టీనా, సభల బ్యానరుకు అంచు కుడుతున్నారు.

"ఏనుగు కదండీ, అటూ ఇటూ కదల్దూ? ఎవరో ఒకళ్ళ కాలు తొక్కాలి కదా," అంది క్రిస్టీనా.

"తొక్కినా అనరేమోనే," అంది ఝాన్సీ, దారం కొరుకుతూ. "అంటే ఏనుగుందని ఒప్పుకున్నట్టే గదా."

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఝాన్సీ సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

ఆమె మాటలో విశేషార్థం ఏదీ లేదు. ఉంటే నేను గుర్తించి ఉండేవాడిని. అర్థాలు గుర్తించడమే నా పని.

ఉదయం పాట: ఉంది.


నవంబరు 17, ఆదివారం

ఉదయం పాట: ఉంది. మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగింది. చలి మొదలైంది కదా.


నవంబరు 21, గురువారం

ఉదయం పాట: ఉంది. కింది స్థాయిలో అందుకుంది.


నవంబరు 26, మంగళవారం

నేటి జాతీయం: "బీటింగ్ అరౌండ్ ద బుష్". అర్థం: అసలు సంగతికి రాకుండా దాని చుట్టూ తిరగడం. తెలుగులో: డొంకతిరుగుడు, నీళ్ళు నమలడం.

ఈ రోజు చెప్పివేయాలని పని నుండి పెందలాడే వచ్చాను. ఝాన్సీ రొయ్యల కూర వండుతోంది. ఆమె వెనుక నిలబడి, "ఝాన్సీ, కాకినాడలో..." అన్నాను.

ఆమె వెంటనే స్టవ్ కట్టేసింది. చేతులు తుడుచుకుని, నా వైపు తిరిగి నిలబడింది. ఎదురుచూస్తోంది.

"కాకినాడలో కాజాలు తెద్దామనుకున్నాను. మర్చేపోయాను," అన్నాను.

ఆమె కాసేపు నన్నే చూసింది. "ఆయ్. ఈసారి వెళ్ళినప్పుడు తెద్దురు గాని," అని, మళ్ళీ స్టవ్ వెలిగించి, గరిటె అందుకుంది.

కూర బాగుంది. రెండుసార్లు వేసుకున్నాను.

ఉదయం పాట: సగం.


డిసెంబరు 2, సోమవారం

సభలు అయిన మరునాడే చెబుతాను. ఇది నిశ్చయం.

ఉదయం పాట: సగం.


డిసెంబరు 7, శనివారం

నిన్నటిది ఈ ఉదయం రాస్తున్నాను. నిన్న చేతకాలేదు.

మహాసభలు నిన్న ప్రారంభమయ్యాయి. మధ్యాహ్నపు కూటానికి పందిరి నిండింది. అల్లవరం వైపు నుండి ట్రాక్టర్లలో వచ్చారు. ప్రసంగానికి ముందు ఝాన్సీ వాళ్ళ పాట. మొదటి చరణం నిర్మలంగా సాగింది. రెండవ చరణంలో స్వరం పైకి వెళ్ళవలసిన చోట, లోతు తక్కువ నీటిలో పడవ అడుగు ఇసుకకు రాచుకున్నట్టు, ఆమె గొంతు గరుకుగా ఒరుసుకుని ఆగిపోయింది. క్రిస్టీనా వెంటనే అందుకుంది. జనం గమనించి ఉండరు. ఝాన్సీ పెదవులు కదుపుతూ నిలబడింది. స్వరం లేదు.

నేను వేదిక మీద, మైకు పక్కన నిలబడి ఉన్నాను.

పాట ముగియగానే షిల్లాంగ్ ప్రసంగీకుడు లేచాడు. బైబిలు వాక్యం చదివి, మొదటి మాటగానే, "డోంట్ బరీ యువర్ హెడ్ ఇన్ ద శాండ్," అన్నాడు. నిప్పుకోడి ఇసుకలో తల దూర్చి, తనకు కనబడని ఆపద లేనే లేదనుకుంటుందని ఒక నమ్మకం. దీనికి తెలుగు నా దగ్గర ఏనాటి నుండో సిద్ధంగా ఉంది: పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. తరగతిలో కూడా చెప్పాను.

నోటికి రాలేదు. మైకులో గాలి చప్పుడు మాత్రమే వినబడింది. ప్రసంగీకుడు నా వంక చూశాడు. ఝాన్సీ స్త్రీల వైపు చాప మీద కూర్చుని, మెడ చుట్టూ కొంగు కప్పుకుని, తల ఎత్తి నన్నే చూస్తోంది.

తరువాత మాటలు వచ్చాయి. పిల్లి గురించి చెప్పాను. పాల గురించి చెప్పాను. ఉట్టి గురించి, ఇంటావిడ గురించి, ఆవిడ చేతి కర్ర గురించి చెప్పాను. ఆగలేకపోయాను. జనం విరగబడి నవ్వారు. సుందరరావు గారు కుర్చీలో తొడ చరిచారు. ప్రసంగీకుడు తాను అన్న ఒక్క ముక్కకు ఇంత కథ ఎలా అయిందో తెలియక చిరునవ్వుతో నిలబడ్డాడు.

ఇంటికి కాలువ గట్టు మీదుగా నడిచాము. ఎండ ఇంకా ఉంది.

"ఆయనన్నదెంత, మీరు చెప్పిందెంతండి?" అంది ఝాన్సీ. గొంతు బొంగురుగానే ఉంది.

"భావం విప్పాలి కదా."

"ఆయ్. విప్పుతారు. మీ మొదటి తర్జుమా నుంచీ చాప మీద కూర్చుని వింటున్నాను కదండీ. వాళ్ళు గోరంత అంటే మీరు కొండంత చేస్తారు. కలపడమే గాని తగ్గించడం ఎరగరు మీరు."

కొంత దూరం నడిచాక ఆగింది.

"కాకినాడలో ఆవిడ అంతసేపు చెప్పింది. వేళ్ళు మడిచి మడిచి చెప్పింది. మీరు రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నారు. మీరు తగ్గించి చెప్పగా నేను వినడం అదే మొదలండి. అప్పుడే అనుకున్నాను, ఇది చిన్న గడ్డ కాదని."

"మరి అడగలేదేం?" అన్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు. కనుక రాసి ఉంచుతున్నాను.

"మీరే చెప్తారని చూసేను. కాజాల రోజు చెప్పేస్తారనే అనుకున్నాను." కాలువలోకి చూసింది. "అబద్ధమెందుకు లెండి. ఈ సభలకి పాడాలని నాకూ ఉంది. అడిగితే మీరు చెప్పేస్తారు, చెప్పేస్తే పాడలేను. అందుకని నేనూ ఊరుకున్నాను. మీ పిల్లి ఒకటి కాదండి, రెండున్నాయి ఇంట్లో. ఇప్పుడు చెప్పండి."

గట్టు మీద నిలబడి చెప్పాను. ఒకటి నుండి ఐదు వరకు, డాక్టరమ్మ చెప్పిన వరుసలోనే. ఒక్కటీ కలపలేదు. ఒక్కటీ తగ్గించలేదు.

నాలుగవది చెప్పినప్పుడు ఆమె చెయ్యి గొంతు మీదికి వెళ్ళింది.

"అంటే అప్పుడే వెళ్ళుంటే ఇవాళ నా గొంతు ఇలా ఆగేది కాదా?"

"చెప్పలేము. ఆగకపోయేదేమో."

"నేను ఊరుకున్నానంటే అదేంటో తెలియక ఊరుకున్నానండి. మీరు అన్నీ తెలిసి ఊరుకున్నారు." ఆ తరువాత, మా పెళ్ళయినప్పటి నుండి నేను వినని గొంతుతో అంది: "నా గొంతు గురించి నాకు తెలియకుండా అడ్డం నిలబడ్డానికి మీరెవరండి?"

ముందు నడిచి వెళ్ళిపోయింది. నేను వెనుక నడిచాను.

ఉదయం పాట: లేదు.


డిసెంబరు 8, ఆదివారం

సభల ముగింపు. ఝాన్సీ పాడలేదు. చాప మీద కూర్చుంది. నేను తర్జుమా చేశాను. ఒక్క మాటా కలపలేదు. బాగా లేదని అందరూ అన్నారు.

ఉదయం పాట: లేదు. మాట కూడా లేదు.


డిసెంబరు 9, సోమవారం

కాకినాడ బస్సులో ఝాన్సీ కిటికీ పక్కన కూర్చుంది. ఎదుర్లంక వంతెన మీద అంది, అటువైపే చూస్తూ:

"ఇవాళ మీరు సభలో చేసినట్టే చెయ్యాలి. ఆవిడన్నది అన్నట్టు నాకు. నేనన్నది అన్నట్టు ఆవిడకి. నేను 'నేను' అంటే మీరూ 'నేను' అనాలి."

"సరే."

"నేనేమన్నా సరేనా?"

"ఏమన్నా సరే."

ఆసుపత్రిలో సత్యవేణి గారు నన్ను దాటుకుని వచ్చి, "నేను చెప్పనాండీ మేడం గారి మాటలు?" అని ఝాన్సీని అడిగారు.

"వద్దమ్మా, ఆయనే చెప్తారు. మీరు పక్కనుండి వినండి. ఎక్కడన్నా తప్పితే చెప్పండి," అంది ఝాన్సీ.

డాక్టరమ్మ సన్నని గొట్టంతో లోపల చూశారు. కుడివైపు స్వరతంత్రి మందగించింది. గడ్డ నరం దగ్గరకు చేరింది. ఆవిడ మాట్లాడడం మొదలుపెట్టారు. నేను లేచి నిలబడ్డాను. అలవాటు. ఒక వాక్యం ఆవిడది, ఒక వాక్యం నాది.

"గడ్డ మొత్తం తీసేస్తాను. నీ ప్రాణానికి ఇంకా ప్రమాదం లేదు," అన్నాను తెలుగులో. "నరాన్ని కాపాడడానికి చేయగలిగినదంతా చేస్తాను. మాట వస్తుంది. కాని నీ పాట తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వలేను."

సత్యవేణి గారు తల ఊపారు. తప్పలేదు.

తరువాత డాక్టరమ్మ, "అక్టోబరులోనే చెప్పాను కదా. ఎందుకు రాలేదు?" అని అడిగారు. ఆ ప్రశ్ననూ ఝాన్సీకి తెలుగులో చెప్పాను.

ఝాన్సీ డాక్టరమ్మను చూస్తూ అంది: "నాకు చెప్పలేదండి."

నియమం ప్రకారం నేను, "ఐ వాజ్ నాట్ టోల్డ్," అన్నాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టారు. ఎవరు చెప్పలేదు అని అడిగారు. నా వైపే చూస్తూ అడిగారు. నేను ఆ ప్రశ్నను ఝాన్సీకి తెలుగులో అందించాను. "ఎవరు చెప్పలేదు?"

నా జీవితంలో ఏ సభలోనూ తరువాతి వాక్యం కోసం అలా ఎదురుచూడలేదు.

"అది మా ఇంటి సంగతి అని చెప్పండి," అంది ఝాన్సీ. "ఆపరేషను ఎప్పుడో అడగండి."

చెప్పాను. అడిగాను. వచ్చే వారం చేయవచ్చన్నారు. భయంగా ఉందా అని డాక్టరమ్మ ఆమె చేతి మీద చెయ్యి వేసి అడిగారు.

"నాకు భయం లేదండి," అంది ఝాన్సీ. "మా ఆయనకే భయం. మొదటి నుంచీ ఆయనకే."

నేను నిలబడే ఉన్నాను. "ఐ యామ్ నాట్ అఫ్రెయిడ్," అన్నాను. "మై హస్బెండ్ ఈజ్. ఫ్రమ్ ద బిగినింగ్."

డాక్టరమ్మ ఆమె వైపూ నా వైపూ చూసి, "దెన్ హీ హాజ్ టు బైట్ ద బుల్లెట్," అన్నారు. ఈ జాతీయానికి నా దగ్గర రెండు తెలుగులు ఉన్నాయి. కథ కూడా ఉంది: మత్తుమందు లేని కాలంలో సైనికులు పళ్ళ మధ్య తూటా పెట్టుకుని కోత ఓర్చుకునేవారట. కథ చెప్పలేదు.

"అయితే ఆయన పంటి బిగువున ఓర్చుకోవాలి," అన్నాను.

"ఆయ్," అంది ఝాన్సీ. "ఓర్చుకుంటారు."

బస్టాండు దగ్గర ఆమె అడిగి కాజాలు కొనిపించింది.

ఉదయం పాట: లేదు.


డిసెంబరు 18, బుధవారం

లోపలికి తీసుకువెళ్ళారు. బయటికి తీసుకువచ్చారు. ఈ రెంటి మధ్యా రాయగలిగినది ఏదీ లేదు.


డిసెంబరు 19, గురువారం

డాక్టరమ్మ వచ్చి చూశారు. గడ్డ పూర్తిగా వచ్చింది. నరం మీది నుండి గీకి తీయవలసి వచ్చింది. "వుయ్ ఆర్ నాట్ అవుట్ ఆఫ్ ద వుడ్స్ యెట్," అన్నారు.

ఝాన్సీ కళ్ళతో అడిగింది.

"గండం ఇంకా పూర్తిగా గడవలేదన్నారు," అని చెప్పాను. ఆమె రెప్పలు వాల్చి, అర్థమైందని తెలిపింది. నేను ఊహించినట్టు భయపడలేదు. నేను ఏమని ఊహించానో ఇప్పుడు నాకే తెలియడం లేదు.


డిసెంబరు 21, శనివారం

గుసగుసగా మాట్లాడవచ్చన్నారు. అవసరమైతేనే.

సాయంత్రం సుందరరావు గారు, క్రిస్టీనా వచ్చారు. క్రిస్టీనా మంచం పక్కన కూర్చుని ఝాన్సీ జడ అల్లింది. మందిరంలో అందరూ ప్రార్థన చేస్తున్నారని, క్రిస్మసు పాటలు క్రిస్టీనా చూసుకుంటోందని, ఏమీ బెంగ పెట్టుకోవద్దని సుందరరావు గారు చెప్పారు. తరువాత మంచం మీదికి వంగి అడిగారు.

"ఎలా ఉందమ్మా ఝాన్సీ?"

ఝాన్సీ పెదవులు కదిలాయి. ఎండుటాకు నేల మీద జరిగినంత చప్పుడు వచ్చింది. నాకు వినబడింది. ఆయనకు వినబడలేదు. ఆయన నా వైపు తిరిగారు.

ఈ ప్రశ్నకు మా మందిరంలో అందరమూ చెప్పే సమాధానం ఒకటి ఉంది. దేవుని కృప వల్ల బాగానే ఉన్నానండి. మంచం మీద ఉన్నవారి తరఫున ఆ మాట నేను ఎందరికో చెప్పి ఉంటాను. ఆయన తల అప్పుడే సగం ఊపి, దాని కోసమే ఎదురుచూస్తున్నారు. ఝాన్సీ కూడా నన్నే చూస్తోంది, పందిట్లో చాప మీద నుండి చూసినట్టు.

"నొప్పిగా ఉంది," అన్నాను.

సుందరరావు గారు ఊపుతున్న తల ఆపి, కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు. ఝాన్సీ కళ్ళు మూసుకుంది. నా చెయ్యి ఆమె చేతి పక్కన ఉంది. అక్కడే ఉండనిచ్చింది.

ఉదయం పాట: